ఒక్క పీసీ, ఇంటినిండా తెరలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

హాల్లో టీవీ, పడకగదిలో టీవీ, మిద్దె మీద ప్రొజెక్టర్. వీటన్నిటినీ ఒకే కంప్యూటర్‌తో నడపడం గురించి వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సందేహం రెండు మూడు ఉత్తరాల్లో ఉన్నచోట కలిపి రాశాం.

ప్రశ్న: హాల్లో 55 అంగుళాల 4కె టీవీ, లోపలి అర్రలో 32 అంగుళాల పాత టీవీ, పిల్లల చదువు బల్ల మీద 24 అంగుళాల మానిటర్ ఉన్నయి. మూడింటికీ ఒక్క పీసీ సరిపోతదా? ఆఫీసులో తీసేసిన ఇంటెల్ 4వ తరం ఐ5 డెస్క్‌టాప్ ఒకటి చేతికొచ్చింది. దానికే గ్రాఫిక్స్ కార్డు వేయించాలా, కొత్తది కొనాలా? హాలు నుంచి లోపలి అర్రకు గోడల వెంట కొలిస్తే 12 మీటర్లు. (హన్మకొండ)

జవాబు: పీసీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒక కాగితం మీద మూడు తెరలూ గీసి, ఏ రెండింటి మీద ఒకే బొమ్మ రావాలి, ఏది విడిగా నడవాలి అన్నది రాసుకోండి. ప్రతి గీత పక్కన దూరం మీటర్లలో వేయండి. గోడ వెంట, దర్వాజ పై నుంచి వైరు ఎలా తిరుగుతుందో అలాగే కొలవాలి. కొనాల్సిన సరుకంతా ఈ కాగితమే చెబుతుంది. ఇది లేకుండా ముందు పీసీ కొన్నవాళ్లే తర్వాత వైరు మీద వైరు కొంటూ పోతారు.

ఇప్పుడు ఆ పాత డెస్క్‌టాప్. 4వ తరం ఐ5 లెక్కల పనికి ఇంకా గట్టిదే, సినిమాకు మాత్రం పనికిరాదు. ఈ రోజు 4కె సినిమాలు ఎక్కువగా 10 బిట్ హెచ్‌ఈవీసీలో (వీడియోను చిన్నగా కుదించే ఒక పద్ధతి) వస్తున్నాయి. దాన్ని విప్పే పనిముట్టు ఇంటెల్ చిప్పులోపల పూర్తిగా వచ్చింది 7వ తరం నుంచి. అంతకు ముందువాటిలో ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడి బొమ్మ ఆగి ఆగి నడుస్తుంది. దాని హెచ్‌డీఎంఐ 1.4 రకం కాబట్టి 4కె బొమ్మ సెకనుకు 30 ఫ్రేములకు మించి రాదు. మౌస్ బాణం తెర మీద ఈడ్చుకుంటూ కదిలితే మీరు 30 దగ్గరే ఉన్నారని గుర్తు. జీటీ 710 కార్డు వేసినా ఈ రెండు లోపాలూ అలాగే ఉంటాయి. జీటీ 1030 వేస్తే 4కె 60 (సెకనుకు 60 ఫ్రేములు) వస్తుంది, 10 బిట్ హెచ్‌ఈవీసీ కూడా నడుస్తుంది. కానీ అది రెండు తెరలకే, ఏవీ1 అనే మరో కుదింపు పద్ధతిని విప్పలేదు. మూడో తెరకు మదర్‌బోర్డు పోర్టు వాడాలంటే బయోస్‌లోకి (పీసీ ఆన్ కాగానే, విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగులు) వెళ్లి లోపలి గ్రాఫిక్స్‌ను, మల్టీ మానిటర్ అంశాన్ని ఆన్ చేయాలి. కార్డు పెట్టగానే చాలా బోర్డులు తమ పోర్టును ఆపేస్తాయి. 'కార్డు వేశాక పాత పోర్టు చచ్చిపోయింది' అని రిపేరుకు తీసుకుపోయేది ఇందుకే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కోరేది ఇంటెల్ 8వ తరం, ఆపైవి. ఇన్ని అతుకులు వేసుకోవడం కంటే ఆ డెస్క్‌టాప్‌ను పిల్లల బల్లకు ఇచ్చేసి, హాలుకు చిన్న మినీ పీసీ కొనడమే మేలు.

ఇంటెల్ ఎన్100 చిప్పున్న మినీ పీసీ చాలు. మూడు తెరలకు 4కె 60 ఇవ్వగలదు, హెచ్‌ఈవీసీతో పాటు ఏవీ1 కూడా చిప్పే విప్పుతుంది. చిప్పు మూడింటికి ఇవ్వగలిగినా పెట్టె వెనక మూడు దారులు ఉండాలి కదా! కొనేముందు వెనక వైపు ఫొటో చూడండి. రెండు హెచ్‌డీఎంఐ, మూడోది డిస్‌ప్లే పోర్టు గానీ బొమ్మ పంపగల టైప్-సి గానీ కావాలి. కొన్నింటిలో టైప్-సి ఉన్నా అది కరెంటుకే పనికొస్తుంది. హెచ్‌డీఎంఐ పక్కన 4కె 60 అని రాసి ఉందో, 30 అని ఉందో కూడా చూడాలి. ఎన్100కు మెమరీ దారి ఒక్కటే కాబట్టి 16 జీబీ ఒకే స్టిక్కుగా వేయించండి. విండోస్‌కు 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, సినిమాలకు విడిగా 4 టీబీ హార్డ్‌డిస్క్ సరిపోతాయి.

టీవీ వైపు ఒక పని మరిచిపోవద్దు. చాలా టీవీల్లో ఒక్కో హెచ్‌డీఎంఐ సాకెట్‌కు 'డీప్ కలర్', 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్' లాంటి పేరుతో ఒక స్విచ్చు సెట్టింగుల్లో ఉంటుంది. అది ఆన్ చేయకపోతే 4కె 60 పూర్తి రంగులతో రాదు.

ఇక 12 మీటర్ల సంగతి. మామూలు రాగి హెచ్‌డీఎంఐ వైరు మీద 4కె 60ని 5 మీటర్ల దాకా నమ్మొచ్చు. ఆపైన బొమ్మ మెరిసి మాయమవడం, చుక్కలు పడటం మొదలవుతుంది. ఆ దూరానికి ఆప్టికల్ హెచ్‌డీఎంఐ వాడాలి. దానికి దిక్కు ఉంటుంది. 'సోర్స్' అని ఉన్న కొస పీసీకి, 'డిస్‌ప్లే' అని ఉన్న కొస టీవీకి పెట్టాలి. తిరగేస్తే బొమ్మే రాదు. గోడలో మూసేశాక తిరగబడిందని తెలిస్తే మళ్లీ గోడ తవ్వాల్సిందే. అందుకే ముందు నేల మీద పరిచి, రెండు కొసలూ తగిలించి, ఒక గంట సినిమా నడిపి చూశాకే పైపులోకి పంపండి. లోపల గాజు పోగు ఉంటుంది కాబట్టి వంపులో మడత పడకూడదు. హెచ్‌డీఎంఐ తల 20 మిల్లీమీటర్ల పైపులో దూరదు, 25లో కూడా మూల మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. తల ఊడదీసి చిన్న కొసతో లాగే రకం దొరుకుతుంది, అది తీసుకోండి. 230 వోల్టుల వైర్లు పోతున్న పైపులో దీన్ని ఎప్పుడూ కలపొద్దు.

ఇంత చెప్పాక మా అభిప్రాయం: లోపలి అర్రకు హెచ్‌డీఎంఐ లాగొద్దు. విండోస్‌ను ఒకసారి ఒకరే నడపగలరు. హాల్లో ఒకరు మౌస్ కదిపితే లోపల చూస్తున్నవారి సినిమా మీదికి కిటికీలు (విండోలు) వచ్చి పడతాయి. ఆ దారిలో క్యాట్6 నెట్‌వర్క్ వైరు లాగించండి. పీసీలో జెల్లీఫిన్ అనే ఉచిత సర్వర్ వేసి, సినిమాల ఫోల్డర్ చూపించండి. పాత టీవీకి ఒక స్ట్రీమింగ్ స్టిక్ గానీ బాక్స్ గానీ పెట్టి, అందులో జెల్లీఫిన్ యాప్ తెరిచి పీసీ చిరునామా, చివర 8096 పోర్టు నంబరు ఇస్తే చాలు. రౌటర్‌లో పీసీ చిరునామాను స్థిరం చేయాలి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మారి 'సర్వర్ దొరకడం లేదు' అంటుంది. పీసీ నిద్రలోకి జారకుండా స్లీప్‌ను 'నెవర్' చేయండి. ఎన్100 సామాన్యంగా తినే కరెంటు చాలా తక్కువ కాబట్టి రోజంతా ఉంచినా బిల్లు గురించి భయం అక్కర్లేదు.

ప్రశ్న: క్రికెట్ మ్యాచ్ రోజు చుట్టాలంతా వస్తరు. హాల్లో 4కె టీవీ, వరండాలో 32 అంగుళాల టీవీ రెండింట్లో ఒకే బొమ్మ పెడితే పెద్ద టీవీ మసకబారుతున్నది, శబ్దం ఒక్క టీవీలోనే వస్తున్నది. (కాజీపేట)

జవాబు: ప్రతి టీవీ తనకు చేతనైన సైజులు, వేగాలు, శబ్దాల చీటీ ఒకటి పీసీకి అందిస్తుంది. దాని పేరు ఈడీఐడీ. 'డూప్లికేట్' పెట్టినప్పుడు విండోస్ రెండు చీటీలూ చూసి ఇద్దరికీ కుదిరేది ఎంచుకుంటుంది. అంటే చిన్న టీవీ స్థాయికి పెద్దది దిగుతుంది. శబ్దాన్ని మాత్రం విండోస్ ఒకసారికి ఒక్క దారినే పంపుతుంది.

ఇక్కడ పనికొచ్చేది బొమ్మ సైజు మార్చే 'స్కేలర్' ఉన్న 1×2 హెచ్‌డీఎంఐ స్ప్లిట్టర్. పీసీ నుంచి ఒక్క వైరు దానిలోకి, అక్కణ్నుంచి రెండు టీవీలకు. పీసీకి కనపడేది ఒకే తెర కాబట్టి శబ్దం రెండింటికీ పోతుంది. స్కేలర్ ఉంటే 4కె టీవీకి 4కె, పాతదానికి దించిన బొమ్మ వెళ్తాయి. స్కేలర్ లేనిదైతే మళ్లీ చిన్న టీవీ స్థాయే. పెట్టె పక్కన ఈడీఐడీ స్విచ్చు ఉంటే దాన్ని 4కె, రెండు చానళ్ల శబ్దం మీద పెట్టండి. 5.1 (ఆరు స్పీకర్ల శబ్దం) మీద పెడితే వరండా టీవీ మూగబోవచ్చు. రెండు టీవీల శబ్దం ఒకదాని వెనక ఒకటి ప్రతిధ్వనిలా వినిపిస్తే రెండింట్లోనూ 'గేమ్ మోడ్' పెట్టి చూడండి. టీవీలు బొమ్మను దిద్దడానికి తీసుకునే సమయంలో తేడా తగ్గుతుంది.

ప్రశ్న: హెచ్‌డీఎంఐ వైరు పెట్టబోతే చేతికి జుమ్మంటున్నది. స్పీకర్లలో ఎప్పుడూ 'గుయ్‌'మని చప్పుడు. కొత్త టీవీకి ఒక హెచ్‌డీఎంఐ సాకెట్ ఇప్పటికే కాలిపోయింది. పీసీ మంచిది కాదా? (జగిత్యాల జిల్లా)

జవాబు: పీసీని తప్పు పట్టకండి. మీ ఇంటి ఎర్తింగ్ చూపించండి, అదీ ఈ వారంలోనే. దయచేసి వాయిదా వేయొద్దు.

పీసీకి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌లో ఫేజ్ నుంచి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. కరెంటులోని గరగరను వడగట్టి ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక పీసీ ఇనుప పెట్టె మీదే నిలుస్తుంది. అప్పుడు పెట్టె మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 110 వోల్టుల దాకా కనిపిస్తుంది. ప్రవాహం చాలా తక్కువ కాబట్టి మనిషికి జుమ్మంటుంది, అంతే. కానీ హెచ్‌డీఎంఐ లోపలి సర్క్యూట్ 5 వోల్టులది. ఆన్‌లో ఉండగా వైరు గుచ్చినప్పుడు ఆ తేడా అంతా దాని మీద పడుతుంది. మీ సాకెట్ కాలింది బహుశా అలాగే.

కరెంటు పని తెలిసినవారితో మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230 దరిదాపు. ఫేజ్, ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఒకటి నుంచి మూడు వోల్టులు ఉంటే సరి. ఫేజ్, ఎర్త్ మధ్య అంకె నిలకడ లేకుండా వందకు అటూ ఇటూ తిరుగుతుంటే ఎర్త్ వైరు తెగినట్టు, లేదా అసలు వేయనట్టు. న్యూట్రల్, ఎర్త్ మధ్య ఖచ్చితంగా సున్నా వస్తే బోర్డు విప్పించి చూడండి. కొందరు ఎర్త్ లేనిచోట సాకెట్ లోపలే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు తిప్పి కలుపుతారు. మీటర్‌కు బాగానే కనిపిస్తుంది. ఎప్పుడైనా న్యూట్రల్ వైరు తెగితే మాత్రం పీసీ పెట్టె మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. అది ప్రాణం తీస్తుంది. అలాంటి కలుపు కనిపిస్తే వెంటనే తీయించి, విడి ఎర్త్ వైరు లాగించండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే స్విచ్చు) పెట్టించడం కూడా ఈ పనిలోనే కలుపుకోండి.

ఎర్త్ గుంత ఉండి కూడా పని చేయకపోతే ఎండాకాలంలో అది ఎండిపోయిందేమో చూడండి. మట్టి ఎండితే కరెంటు నేలలోకి దిగదు. మార్చి నుంచి వానలు పడేదాకా గుంతలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయాలి. బొగ్గు, ఉప్పు వేసిన పాత గుంతల్లో పైపు తుప్పు పట్టి తెగిపోయి ఉండటం కూడా మామూలే.

ఇక స్పీకర్ల గుయ్‌మనే చప్పుడు. ఎర్త్ సరి చేశాక కూడా వస్తే, సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ వైరును ఒక్క నిమిషం విప్పి చూడండి. చప్పుడు ఆగిందా? బయట నుంచి వచ్చే ఆ వైరు ఇంకో ఎర్త్‌ను మోసుకొస్తోంది. కేబుల్ టీవీ వైరుకు ఐసొలేటర్ అనే చిన్న ముక్క దొరుకుతుంది, అది మధ్యలో పెడితే పోతుంది. ఆగకపోతే పీసీ, టీవీ, యాంప్లిఫయర్ మూడూ ఒకే బోర్డుకు మార్చండి. పీసీ, టీవీ, మధ్యరకం యాంప్లిఫయర్ కలిపినా ఒక 6 ఆంపియర్ల సాకెట్ మోయగలిగే 1380 వాట్ల కంటే బాగా తక్కువే. చప్పుడు పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. చప్పుడు పోయేమాట నిజమే, దానితో పాటు రక్షణా పోతుంది.

అన్నీ సరిగా ఉన్నా సరే, హెచ్‌డీఎంఐ వైర్లు పెట్టేముందు రెండు వైపులా స్విచ్చులు ఆపండి. ఉరుముతున్నప్పుడు డిష్ వైరు, కేబుల్ వైరు విప్పి పక్కన పెట్టండి.

ప్రశ్న: కింద హాల్లో టీవీ, బంగ్లా మీద అర్రలో ప్రొజెక్టర్. 100 అంగుళాల తెరకు ఎంత దూరం కావాలి? ఇంకో ఇబ్బంది, టీవీ ఆపగానే పైన నడుస్తున్న సినిమా కనిపించకుండా పోతున్నది. (కరీంనగర్)

జవాబు: 100 అంగుళాలంటే మూలకు మూల. 16:9 తెరకు అది 221 సెంటీమీటర్ల వెడల్పు, 125 ఎత్తు. ప్రొజెక్టర్ కాగితాల్లో 'త్రో రేషియో' అని ఒక అంకె ఉంటుంది, దాన్ని వెడల్పుతో గుణించండి. 1.5 అయితే 3.3 మీటర్లు. ఆ దూరంలో సరిగ్గా ఫ్యాన్ రెక్క అడ్డం వస్తుందేమో స్టాండు బిగించకముందే చూసుకోండి. 'కీస్టోన్'తో ఏటవాలు బొమ్మను సరిచేయొచ్చు గానీ స్పష్టత పోతుంది. వీలైనంత మటుకు తెరకు ఎదురుగా బిగించాలి.

రెండోది. టీవీ ఆపగానే ఆ తెర ఊడిపోయిందని విండోస్ అనుకుని, ఉన్న కిటికీలన్నీ మిగిలిన తెర మీదికి సర్దుతుంది. ప్రధాన తెర మారడంతో ప్లేయర్ తికమకపడుతుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్ దగ్గరికి వెళ్లి 'మానిటర్‌ను బట్టి కిటికీల చోటు గుర్తుంచుకో' అన్న అంశాన్ని ఆన్ చేసి, 'మానిటర్ తీసినప్పుడు కిటికీలు కుదించు' అన్నది ఆఫ్ చేయండి. ప్లేయర్‌లో కూడా ఏ తెర మీద పూర్తిగా పరచాలో చెప్పొచ్చు. వీఎల్‌సీలో వీడియో సెట్టింగుల్లో, కోడి అనే ప్లేయర్‌లో డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ అంశం ఉంటుంది. తప్పిపోయిన కిటికీని లాగాలంటే విండోస్ మీట, షిఫ్ట్ నొక్కి పట్టుకుని పక్క బాణం కొట్టండి, ఒక్కో తెరకూ దూకుతుంది.

ఇవన్నీ చేసినా మళ్లీ అదే జరిగితే టీవీ వైరు మధ్యలో ఈడీఐడీ ఎమ్యులేటర్ పెట్టండి. వేలెడు పరికరం. టీవీ ఆపినా 'ఉన్నాను' అని పీసీకి చీటీ చూపిస్తూనే ఉంటుంది. 4కె 60 రకమే అడిగి తీసుకోండి.

ప్రశ్న: 5.1 స్పీకర్లు కొన్నాం, పీసీ నుంచి టీవీకి, టీవీ ఏఆర్‌సీ (శబ్దాన్ని వెనక్కి పంపే హెచ్‌డీఎంఐ సాకెట్) నుంచి స్పీకర్లను నడిపే రిసీవర్‌కు కలిపాం. ముందు రెండే మోగుతున్నయి. (వరంగల్)

జవాబు: టీవీ తన చీటీలో 'నాకు రెండు చానళ్లే' అని రాసిచ్చింది, పీసీ దాన్నే నమ్మి రెండే పంపుతోంది. పీసీని ముందు రిసీవర్‌కు, రిసీవర్ నుంచి టీవీకి కలపండి. తర్వాత సౌండ్ సెట్టింగుల్లో రిసీవర్‌ను ఎంచి, 'కాన్ఫిగర్'లో 5.1 పెట్టి ఒక్కో స్పీకర్ నొక్కి పరీక్షించండి. ప్లేయర్‌లో 'పాస్‌త్రూ' ఆన్ చేస్తే డాల్బీ, డీటీఎస్ విప్పే పని రిసీవరే చేస్తుంది.

మీ రిసీవర్ పాతదై 4కె దాటనివ్వకపోతే, పీసీ ఒక హెచ్‌డీఎంఐ నేరుగా టీవీకి, రెండోది శబ్దం కోసమే రిసీవర్‌కు పెట్టండి. అప్పుడు విండోస్ రిసీవర్‌ను కూడా ఒక తెర అనుకుంటుంది. మౌస్ బాణం ఆ లేని తెరలోకి పోయి మాయమవుతుంది. డిస్‌ప్లే సెట్టింగుల్లో ఆ దొంగ తెర పెట్టెను టీవీ పెట్టెకు పక్కన కాకుండా ఒక్క మూల మాత్రమే తగిలేలా ఏటవాలుగా జరపండి. బాణానికి దారి దాదాపు మూసుకుపోతుంది. దాన్ని 'డిస్కనెక్ట్' చేస్తే శబ్దం కూడా పోతుంది, అది చేయొద్దు.

ప్రశ్న: నెట్‌ఫ్లిక్స్‌కు 4కె ప్లాన్ కడుతున్నాం. పీసీలో మాత్రం 4కె రావడం లేదు. టీవీతో పాటు పాత మానిటర్ కూడా తగిలించి ఉంది. (జనగామ)

జవాబు: ఆ పాత మానిటరే అడ్డం. పీసీకి తగిలించిన ప్రతి తెరా 4కె 60, హెచ్‌డీసీపీ 2.2 (సినిమా కాపీ కాకుండా కాపాడే తాళం) తెలిసినదై ఉండాలి. విండోస్ మీటతో 'పి' నొక్కి టీవీ ఒక్కటే వెలిగేలా పెట్టి, ఎడ్జ్ బ్రౌజర్‌లో గానీ వాళ్ల సొంత యాప్‌లో గానీ చూడండి. మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్ కూడా ఉండాలి.

ప్రశ్న: ఎండాకాలం మధ్యాహ్నం సినిమా సగంలో పీసీ ఆగిపోతున్నది. అద్దాల తలుపులున్న టీవీ యూనిట్‌లో పెట్టినం. (గోదావరిఖని)

జవాబు: రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊరు మీది. గదిలోనే 40 డిగ్రీలుంటే అద్దాల పెట్టెలో ఇంకెంత ఉంటుందో ఆలోచించండి. పీసీని బయటికి తెచ్చి టీవీ వెనక గోడకు బిగించండి, లేదా యూనిట్ వెనక పలక తీసేయండి. చుట్టూ కనీసం 10 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. రిసీవర్ మీద పీసీ పెట్టొద్దు, రిసీవర్ వేడి అంతా దాని పొట్టకే తగులుతుంది. గాలిలో బొగ్గు దుమ్ము ఉన్న మీ వైపు ఫ్యాన్ రెక్కలకు నల్లటి పొర త్వరగా పట్టేస్తుంది. మూడు నెలలకోసారి విప్పి, ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. వరంగల్ పత్తి మార్కెట్ చుట్టుపక్కల ఉండేవారికి దుమ్ము బదులు నూగు చేరుతుంది. అది హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) సందుల్లో గుడ్డలా పేరుకుంటుంది కాబట్టి ఊదితే పోదు, మెత్తటి బ్రష్షుతో లాగాలి.

ప్రశ్న: టీవీలో పీసీ బొమ్మ అంచులు కోసుకుపోతున్నయి, అక్షరాలకు రంగుల నీడలు. (నర్సంపేట)

జవాబు: టీవీ పిక్చర్ సైజును 'జస్ట్ స్కాన్' లేదా 'స్క్రీన్ ఫిట్' చేయండి. ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును 'పీసీ' అని మార్చండి. చాలా టీవీలు ఆ పేరు చూశాకే అక్షరాలను పూర్తి రంగులతో చూపిస్తాయి. నలుపు మరీ బూడిదగా ఉన్నా, చీకటి దృశ్యాల్లో ఏమీ కనిపించకపోయినా టీవీ 'బ్లాక్ లెవల్', పీసీ గ్రాఫిక్స్ సెట్టింగుల్లోని 'ఆర్‌జీబీ రేంజ్' రెండూ ఒకటే అయ్యేలా పెట్టండి.

ప్రశ్న: కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు పీసీ ఆగిపోతున్నది. వచ్చాక దానంతట అది లేవడం లేదు. (ములుగు)

జవాబు: ఇన్వర్టర్‌కు 'యూపీఎస్ మోడ్' స్విచ్చు ఉంటే అటు తిప్పండి, మార్పు వేగం పెరుగుతుంది. అయినా ఆగితే పీసీకి, రౌటర్‌కు కలిపి 600 వీఏ యూపీఎస్ ఒకటి పెట్టండి. ప్రొజెక్టర్‌ను మాత్రం దానికి తగిలించొద్దు, ఆ చిన్న బ్యాటరీ మోయలేదు. లేవడం కోసం బయోస్‌లో 'రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్' అన్నదాన్ని 'పవర్ ఆన్' చేయండి. సినిమాల హార్డ్‌డిస్క్‌కు విడి అడాప్టర్ ఉంటే దాన్ని కూడా యూపీఎస్ మీదే పెట్టండి. రాస్తుండగా కరెంటు పోతే మొదట పాడయ్యేది అదే.